పెరియమేట్‌లో కుట్టించిన లాడ్రప్ జెర్సీ: ఒక రివ్యూ

చెన్నైలో ఫుట్‌బాల్ జెర్సీలు చేయించుకోవాలంటే ఎవరైనా పెరియమేట్ దారే చూపిస్తారు. నెహ్రూ స్టేడియం దగ్గర సైడెన్‌హామ్స్ రోడ్డులో బూట్లు, బ్యాట్లు, కప్పులు, జెర్సీలు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. నేను వెళ్లింది అక్కడే మేడ మీదున్న చిన్న కొట్టుకి. ఈ రివ్యూలో ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి కొట్టు పేరు రాయడం లేదు. వేళచ్చేరిలో ఆదివారాలు ఆడే మా తెలుగు బ్యాచ్‌కి టీమ్ జెర్సీలు కావాలి. వాటితో పాటు నాకొక్కడికీ ఒకటి: 1986 ప్రపంచ కప్‌లో మైకేల్ లాడ్రప్ వేసుకున్న డెన్మార్క్ జెర్సీ.

మెట్లెక్కగానే ఎదురుగా హ్యాంగర్‌కి ఒక డెన్మార్క్ జెర్సీ. వీపు మీద లాడ్రప్ 10, చీటీ మీద ‘యూరో 92, మైకేల్’. నాకు చిర్రెత్తుకొచ్చింది. మైకేల్ ఆ టోర్నీ, అంటే 1992 యూరప్ దేశాల కప్, ఆడనే లేదు. కోచ్ రిచర్డ్ మోలర్ నీల్సన్ ఆడించే తీరు నచ్చక 1990లోనే జట్టు వదిలేశాడు. తర్వాత యుగోస్లావియాని నిషేధించడంతో ఆఖరి గడియలో వాళ్ల బదులు డెన్మార్క్‌కి పిలుపొచ్చింది, ఫైనల్లో జర్మనీని 2-0తో కొట్టి కప్పే తెచ్చేసుకుంది. ఆ జట్టులో ఉన్న లాడ్రప్ తమ్ముడు బ్రయాన్. అన్నతో పాటే అలిగి వెళ్లినవాడే గానీ టోర్నీకి ముందే తిరిగొచ్చాడు. అతని నంబర్ 11.

ఇదంతా చెబితే ఓనరు నవ్వేశాడు. "కాలేజీ పిల్లోళ్లు ఇదే అడిగి కొంటారు సార్, నేనేం చేసేది?" వాళ్ల తాతల నాడే చిత్తూరు వైపు నుంచి వచ్చేశారట, తెలుగు బాగానే మాట్లాడతాడు. వ్యాపారం వ్యాపారమే, కాదనను. ఆ చీటీ మాత్రం ఇంకా అక్కడే ఉంది.

నా జెర్సీ దగ్గర అసలు పేచీ వచ్చింది. వీపు మీద 11 ఒక్కటే వేయమన్నాను, పేరు వద్దన్నాను. "పేరు లేకుంటే ఎవురిదని తెలుస్తాది సార్? నూరు రూపాయలే, వేసేస్తా" అని పట్టుబట్టాడు. 1986లో జెర్సీల మీద పేర్లే లేవు. పెద్ద టోర్నీల్లో పేర్లు మొదలైంది ఆ 92 యూరోతోనే. ఆ ప్రపంచ కప్‌లో డెన్మార్క్ 10 నంబర్ సాటి ఆటగాడు ఎల్కియార్‌ది, లాడ్రప్‌ది 11. ఉరుగ్వేని 6-1తో చితక్కొట్టిన మ్యాచ్‌లో ఎల్కియార్ మూడు కొట్టాడు. నాకు మాత్రం లాడ్రప్ కొట్టిన ఒక్కటే చాలు: డిఫెండర్ల మధ్య నుంచి జారుకుని, గోలీని కూడా దాటేసి, ఖాళీ గోల్‌లోకి నెమ్మదిగా తోసేశాడు. అప్పటికి వయసు 21. ఓనరుకి ఫోన్లో ఆ వీడియో చూపించాక గానీ పేరు సంగతి వదల్లేదు.

ఇక పనితనం. ఆ జెర్సీ చేయడం తేలిక కాదు. హమ్మెల్ కంపెనీ డిజైను, ఒక సగం నిండు ఎరుపు, రెండో సగం సన్నటి ఎరుపు, తెలుపు చారలు. వీళ్లు సబ్లిమేషన్ పద్ధతిలో చేశారు. డిజైను ముందు కాగితం మీద అచ్చేసి, తెల్ల పాలిస్టర్ బట్ట మీద పెట్టి వేడి ప్రెస్‌లో నొక్కుతారు. రంగు దారంలోకే దిగుతుంది కాబట్టి ఊడదు, పగలదు. ఎక్కువ కొట్లలో తేలిపోయేది కుట్టు దగ్గర, ముందు భాగం చారలూ పక్క కుట్టూ ఎక్కడా కలవవు. ఇక్కడ కలిశాయి. కటింగ్ మాస్టర్‌కి దండం పెట్టాలి. నకలే, అసలుది కాదు, కానీ 750 రూపాయలకి ఇంతకంటే ఏం కావాలి?

మా వాళ్ల టీమ్ జెర్సీల విషయంలో అంత శ్రద్ధ లేదు. చెప్పిన శనివారం ఇవ్వలేదు, ఫోన్ ఎత్తలేదు, ఆదివారం పాత టీషర్టుల్లోనే ఆడాం. పైగా నంబర్లు వినైల్, అంటే ప్లాస్టిక్ షీటుతో కోసి అంటించారు. రెండు ఉతుకులకే మా గోలీ వీపు మీద 1 సగం లేచిపోయింది. అడిగితే వేడి నీళ్లలో ఉతికారా అని ఎదురు ప్రశ్న. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘నంబర్లు కూడా సబ్లిమేషనే’ అని బిల్లు మీద రాయించుకోండి.

మా బ్యాచ్‌లో స్పెయిన్ క్లబ్ బార్సిలోనా అభిమానులూ ఉన్నారు, దాని బద్ధ ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్ అభిమానులూ ఉన్నారు. లాడ్రప్ రెండిటికీ ఆడాడని తెలిసి ఓనరు, సగం ఇదీ సగం అదీ కలిపి ఒక జెర్సీ కుట్టిస్తానన్నాడు. అది వేసుకుంటే రెండు వైపులా తన్నులే. కానీ లాడ్రప్ లెక్క అలాగే ఉంది మరి. 1994 జనవరిలో బార్సిలోనా తరఫున మాడ్రిడ్‌ని 5-0, ఏడాది తిరిగేసరికి మాడ్రిడ్ తరఫున బార్సిలోనాని 5-0. బార్సిలోనాతో వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు, మాడ్రిడ్‌తో వెంటనే ఐదోది. నడుమ ఏథెన్స్‌లో బార్సిలోనాకి మిలాన్‌తో యూరప్ క్లబ్బుల కప్ ఫైనల్. విదేశీయులు ముగ్గురికే చోటు, నాలుగోవాడిగా లాడ్రప్‌ని పక్కన పెట్టాడు కోచ్ క్రైఫ్. 4-0తో ఓడారు. ఆ తర్వాత క్లబ్ మారాడంటే తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. మా బార్సిలోనా బ్యాచ్ ఒప్పుకోరు, అది వేరే గొడవ.

వెళ్లేవాళ్లకి: సైజు ఒకటి పెద్దది చెప్పండి, వీళ్ల ఎల్ మన ఎమ్. డిజైను ఫొటో ముందూ వెనకా రెండూ పట్టుకెళ్లండి, నంబర్ కాగితం మీద రాసివ్వండి. అడ్వాన్స్ సగం కంటే ఎక్కువ ఇవ్వకండి. శనివారం సాయంత్రం అసలు వెళ్లొద్దు, బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు.