ఎంజైముకు ఏ పంజరం మేలు: ఫెర్రిటినా, ఎన్‌క్యాప్సులినా, పీ22నా?

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నవారు ప్రాజెక్టుల కాలం వచ్చేసరికి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఎంజైమును ప్రొటీన్ పంజరంలో (ప్రొటీన్ ముక్కలు వాటంతట అవే కూడి కట్టే బోలు గోళంలో) ఉంచి సూక్ష్మ రియాక్టరుగా పనిచేయించాలంటే ఏ పంజరం తీసుకోవాలి? మిర్చి పండే ప్రాంతం కనుక, వారిలో చాలామంది మనసులో ఉన్నది ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులను విడగొట్టే ఫాస్ఫోట్రైఎస్టరేజ్. ఈ పోలికకూ ఆ ఎంజైమునే ఉదాహరణగా తీసుకుంటాను.

అందరూ మొదట చూసేది లోపలి చోటు. అది చూడవలసిందే. అయితే మన కళాశాల ప్రయోగశాలల్లో ఉండేది షేకరు, సోనికేటరు, కోల్డ్ సెంట్రిఫ్యూజు, స్పెక్ట్రోఫోటోమీటరు కాబట్టి, ఎంజైము పంజరంలోకి ఏ దారిన చేరుతుందన్నదే ఎంపికను తేలుస్తుందని నా అభిప్రాయం.

జీవుల్లో ఇనుమును నిలవచేసే ప్రొటీన్ ఫెర్రిటిన్. దానికి ఉన్న పేరు చిన్నది కాదు. 24 సబ్‌యూనిట్లు (ప్రొటీన్ ముక్కలు) కలిసి 12 నానోమీటర్ల గోళం కడతాయి. లోపల 8 నానోమీటర్ల ఖాళీలో సుమారు 4,500 ఇనుప పరమాణువులు పడతాయి. మందు అణువులను నింపడానికి దీన్ని పీహెచ్ 2 దగ్గర విడదీసి, మళ్లీ తటస్థ స్థితికి తెచ్చి కూడగట్టడం బాగా అలవాటైన పద్ధతి. ఎంజైము విషయంలో ఆ ఆమ్లమే అడ్డంకి: ఫాస్ఫోట్రైఎస్టరేజ్ పనిచేయాలంటే దాని చురుకు స్థానంలో జింకు వంటి లోహ అయాన్లు ఉండాలి, అంతటి ఆమ్లంలో అవి నిలవవు. పైగా సుమారు 36 కిలోడాల్టన్ల బరువున్న సబ్‌యూనిట్లు రెండు జతకూడిన ఈ ఎంజైముకు 8 నానోమీటర్లు ఇరుకు. ఉప్పు గాఢతను బట్టి కూడి విడిపోయే ఆర్కియోగ్లోబస్ అనే సూక్ష్మజీవి ఫెర్రిటిన్ ఆమ్లం గొడవను తప్పిస్తుంది గానీ ఇరుకును తప్పించలేదు.

బాక్టీరియాలు కట్టుకునే ప్రొటీన్ పంజరమైన ఎన్‌క్యాప్సులిన్‌లో ఈ చిక్కు రాదు. థెర్మోటోగా మారిటిమా అనే బాక్టీరియా పంజరం 60 సబ్‌యూనిట్లతో 24 నానోమీటర్లు ఉంటుంది. మిక్సోకాకస్ అనే మరో బాక్టీరియాది 180 సబ్‌యూనిట్లతో 32 నానోమీటర్లు. ఎంజైము చివర చిన్న పెప్టైడ్ తోక ఒకటి తగిలిస్తే చాలు, ఈ.కోలై బాక్టీరియా కణంలో పంజరం కూడుతున్నప్పుడే ఎంజైము దాని లోపలి గోడను పట్టుకుని ఉండిపోతుంది. విడదీయడం, కూర్చడం, ఆమ్లం ఏవీ అవసరం లేదు. థెర్మోటోగా వేడి నీటి ఊటల జీవి కావడంతో పంజరం వేడికి చెక్కుచెదరదు. అందువల్ల కణ ద్రవాన్ని వేడిచేసి ఈ.కోలై ప్రొటీన్లలో చాలా భాగాన్ని గడ్డకట్టించి తీసేయవచ్చు. అయితే లోపలి ఎంజైము ఎంత వేడికి ఆగుతుందో విడిగా పరీక్షించకుండా ఆ పనికి దిగకూడదు. (మే నెలలో కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కే బెజవాడలో వేడికి ఆగే పంజరం ఉండటం అదనపు లాభం.) ఇందులోనూ రెండు చిక్కులున్నాయి. గోడమీద 60 చోట్లు ఉన్నంత మాత్రాన అన్నీ నిండవు, ఖాళీ పంజరాలూ తయారవుతాయి. ఇక ప్రొటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద పంజరం పట్టీ 31 కిలోడాల్టన్ల దగ్గర, తోక తగిలిన ఎంజైము పట్టీ దాని కొంచెం పైన పడతాయి కనుక, జెల్‌ను తొందరపడి ఆపితే రెండూ ఒకే మందపాటి గీతలా కనిపిస్తాయి.

పీ22 బాక్టీరియోఫాజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) తొడుగు మరింత పెద్దది: 420 సబ్‌యూనిట్లు, 58 నానోమీటర్లు. తొడుగు కూడటానికి లోపల ఆసరాగా ఉండే స్కాఫోల్డ్ ప్రొటీన్‌కు ఎంజైమును కలిపితే వందల ప్రతులు లోపల చేరతాయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో ట్రెవర్ డగ్లస్ బృందం 2016లో హైడ్రోజన్‌ను తయారుచేసే ఎంజైము హైడ్రోజినేజ్‌ను ఇలాగే నింపింది. రెండు మూడు ఎంజైములు వరుసగా పనిచేయవలసిన చోట నా ఓటు దీనికే. ఒక్క ఎంజైముతో మొదలుపెట్టేవారికి మాత్రం ముందు ఎంజైమును, తరువాత తొడుగును కణంలో విడివిడిగా తయారయ్యేలా ప్రేరేపించడం, ఆపైన అల్ట్రాసెంట్రిఫ్యూజ్ వెతుక్కోవడం బరువైన పని.

కార్బాక్సీసోముల వంటి బాక్టీరియా కోశాలు అనేక రకాల ప్రొటీన్లతో కట్టినవి, ప్రాజెక్టు కాలానికి లొంగవు. కంప్యూటరుతో రూపొందించిన ఐ53-50 వంటి పంజరాలు టీకాల్లో రాణించాయి, ఇక్కడి అవసరానికి అవి దూరం.

కాబట్టి థెర్మోటోగా ఎన్‌క్యాప్సులిన్‌తో మొదలుపెట్టమంటాను, పంజరం గోడలోని రంధ్రాల సంగతి మరచిపోకుండా. సహజ రూపంలో అవి సుమారు 3 ఆంగ్‌స్ట్రాములే (0.3 నానోమీటర్లు), ఎంజైము దగ్గరకు లోపలికి వెళ్లవలసిన పారాక్సాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ అణువుకు చాలా ఇరుకు. 11 ఆంగ్‌స్ట్రాముల దాకా వెడల్పు చేసిన రూపాలు ఉన్నాయి, జన్యువును ఆర్డరు చేసేటప్పుడే వాటిలో ఒకటి ఎంచుకోవాలి. పారాక్సాన్ విరిగితే వచ్చే నైట్రోఫీనాల్ క్షార ద్రావణంలో పసుపు రంగు ఇస్తుంది కనుక వేగాన్ని స్పెక్ట్రోఫోటోమీటరుతోనే కొలవవచ్చు. పారాక్సాన్ తీవ్ర విషం, ఫ్యూమ్ హుడ్ లేనిచోట ముట్టుకోరాదు. ఆ పసుపు పంజరం బయట అంటుకున్న ఎంజైము వల్ల కూడా రావచ్చు. ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ పంజరంలోకి దూరలేదు కనుక, విడి ఎంజైమును అది నాశనం చేస్తుందని ముందుగా చూసుకుని, అదే మోతాదు పంజరాల మీద వేసి, మిగిలిన చురుకును లెక్కించిన తరువాతే వేగాల పట్టిక రాయాలి.