జనరేటర్‌ని లాగే నా పికప్‌కి మూడు సెట్ల టైర్లు: ఆరేళ్ల అనుభవం

మాది కడపలో టెంట్ హౌస్. పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఉరుసులు, ఎలక్షన్లప్పుడు మీటింగులు. పికప్ 2019లో కొన్నాను. బాడీలో షామియానా గుడ్డలు, ఇనుప పైపులు, కేబుళ్లు ఉంటాయి. వెనక హుక్కుకి రెండు చక్రాల ట్రాలీ, దాని మీద 25 కేవీఏ సైలెంట్ జనరేటర్. వారానికి రెండు మూడుసార్లు ఇదంతా లాక్కుంటూ ప్రొద్దుటూరు, మైదుకూరు, ఒంటిమిట్ట, రాయచోటి తిరుగుతుంటాను. ఈ ఆరేళ్లలో బండికి మూడు సెట్ల టైర్లు పడ్డాయి. రెండో సెట్టు నా తెలివితక్కువతనం. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

కంపెనీ ఇచ్చిన సైజు 215/75 ఆర్15, ఎనిమిది ప్లై (టైరు ఎంత గట్టిదో చెప్పే లెక్క), సరుకు బండి రకం. 48 వేల కిలోమీటర్లు వచ్చాయి. ఒక్కరోజు కూడా వాటి గురించి ఆలోచించింది లేదు. మంచి టైరుకి అంతకంటే సర్టిఫికెట్ ఏముంటుంది!

అవి అరిగాక టైర్ల షాపుకి వెళ్తే, అక్కడి కుర్రాడు "అన్నా, ఈసారి లావువి వేయించు. బండికి అందం, రోడ్డుకి పట్టు. ట్రెయిలర్ లాగేటోళ్లంతా ఇవే వేస్తున్నారు" అన్నాడు. 235/75 ఆర్15, పెద్ద పెద్ద బటన్లున్న టైర్లు. చూడ్డానికి నిజంగానే బాగున్నాయి. దాదాపు ముప్పై వేలు పెట్టి నాలుగూ వేయించాను. స్టెప్నీ మాత్రం పాత 215దే ఉంచేశాను, డబ్బు మిగులుతుంది కదా అని.

మొదటి ట్రిప్పే రాయచోటికి. కడప నుంచి రాయచోటి వెళ్లే 40వ నంబరు హైవే మీద గువ్వలచెరువు ఘాట్ తెలియని డ్రైవరు మా జిల్లాలో ఉండడు. అంతకుముందు జనరేటర్ తగిలించుకుని కూడా మూడో గేరులో ఎక్కేసిన మలుపుల్లో ఆరోజు రెండో గేరుకి దిగాల్సి వచ్చింది. పికప్పులో పికప్ పోయింది! క్లచ్ వాసన కూడా వచ్చింది. డీజిల్ ఏమైనా తేడానా, ఫిల్టర్ మూసుకుపోయిందా అని రెండు రోజులు మెకానిక్ చుట్టూ తిరిగాను. టైర్ల మీద అనుమానమే రాలేదు.

లెక్క వేస్తే విషయం చిన్నదే. 215/75 అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం. 15 అనేది రిమ్ము, అంగుళాల్లో. పైనా కిందా గోడలు, మధ్యలో రిమ్ము కలిపితే టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. అదే 235/75కి 733. మూడు సెంటీమీటర్ల తేడా, అంటే నూటికి నాలుగు పైచిలుకు. చక్రం ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఇంజను ప్రతి గేరులోనూ అంత ఎక్కువ కష్టపడాలి. ఖాళీ బండికి ఇది తెలీదు. వెనక టన్నుంబావు తగిలించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. దిగేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఇంజను పట్టు అదే లెక్కన తగ్గుతుంది, బ్రేకు కూడా ఇంకాస్త గట్టిగా తొక్కాలి, పైగా జనరేటర్ వెనక నుంచి తోస్తూ ఉంటుంది. ఆ రాత్రి ఘాట్ దిగినంతసేపూ మా హెల్పరు డాష్‌బోర్డు వదల్లేదు.

ఇంకో తమాషా. స్పీడోమీటర్ 60 చూపిస్తే బండి నిజంగా 62న్నర మీద పోతుంటుంది. ఓడోమీటరూ అంతే, వంద కిలోమీటర్లు తిరిగితే 96 చూపిస్తుంది. మైలేజీ పడిపోయిందని నేను ఏడ్చిన దాంట్లో కొంత మీటరు చెప్పిన అబద్ధమే. మిగతాది నిజం.

ఇవన్నీ భరించొచ్చు. భయపెట్టింది ఊగడం. 70 దాటితే ట్రాలీ తోక ఆడించడం మొదలుపెట్టేది, దాంతోపాటు బండి వెనక భాగం కూడా రబ్బరులా అటూ ఇటూ జరిగేది. లావు టైరు రోడ్డుని పట్టుకుంటుంది నిజమే కానీ నా టైర్లు జీపుల రకం. గోడలు మెత్తన, గాలి తక్కువ. బరువు హుక్కు మీద పడి లాగుతుంటే గోడ వంగుతుంది, బండి ఊగుతుంది. రిమ్ము కూడా ఆరంగుళాలదే. 235 టైరుకి అది కింది హద్దు, అందువల్ల పొట్ట ఇంకాస్త బయటికొచ్చేది. స్టీరింగు మొత్తం తిప్పితే ముందు మడ్‌ఫ్లాపుకి రాసుకునేది కూడా.

అప్పుడు మాకు తెలిసిన పంచర్ షాపు భాయ్ దగ్గర మొర పెట్టుకున్నాను. ఆయన టైరు వైపు చూడనుకూడా లేదు. "సైజు తర్వాత అన్నా, ముందు బరువు చెప్పు" అన్నాడు. నాకు తెలీదు. మూడేళ్లుగా లాగుతున్నాను, ఎంత లాగుతున్నానో తెలీదు!

మర్నాడు పొద్దున్నే కాటా దగ్గరికి వెళ్లాను. కాటా ఆయనకి నా పిచ్చి అర్థం కాక నవ్వుకున్నాడు కానీ అడిగినట్టే చేశాడు. ట్రాలీ, జనరేటర్ కలిపి 1,340 కిలోలు. లోడుతో బండి వెనక చక్రాలు మాత్రమే ఎక్కిస్తే 1,560. ట్రాలీని కాటా బయటే ఉంచి హుక్కుకి తగిలించి మళ్లీ చూస్తే 1,765. అంటే 205 పెరిగింది. ముందు చక్రాల మీద మాత్రం 45 తగ్గింది. హుక్కు మీద ఆనిన బరువు 160 కిలోలే, కానీ హుక్కు వెనక ఇరుసుకి బయట ఉంటుంది కాబట్టి పిల్లలు ఊగే సీసా బల్లలాగా ముందు భాగాన్ని పైకి లేపి ఆ బరువు కూడా వెనక టైర్ల మీదే వేస్తుంది. ట్రాలీ బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా హుక్కు మీద ఆనడం మంచిదే. తక్కువైతే తోక ఇంకా ఎక్కువ ఆడుతుంది. నాది పన్నెండు శాతం, కాబట్టి తప్పు ట్రాలీది కాదు.

ఇప్పుడు టైరు పక్కన చూడండి. సైజు తర్వాత 100, 105, 106 అని ఒక అంకె ఉంటుంది. అదే మోసే బరువు. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 105 అంటే 925, 106 అంటే 950. సరుకు బండి టైర్ల మీద 106/103 అని రెండు ఉంటాయి. మొదటిది పక్కకి ఒకే టైరు ఉన్నప్పుడు, రెండోది జంట టైర్లప్పుడు. నా లావు టైర్లది 105. రెండు కలిపితే 1,850, నా 1,765కి సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఇలాంటి కార్ల, జీపుల రకం టైరుని సరుకు బండికి వేస్తే రాసిన బరువుని 1.1తో భాగించి చూడాలని అమెరికా వాళ్ల టైర్ల పట్టీలు చెబుతాయి. అలా చూస్తే 1,680కి వస్తుంది. నేను ఏడాదికి పైగా ఓవర్‌లోడు మీద తిరిగానన్నమాట, అదీ 44 డిగ్రీల మే నెలలో. గాలి చాలని, బరువు ఎక్కువైన టైరు లోపల్లోపల ఉడికిపోతుంది. అది పేలకపోవడం నా అదృష్టం.

సైజు అంకె ఒకటే అయినంత మాత్రాన కూడా సరిపోదు. మా బావమరిది బొలెరో జీపుకీ 215/75 ఆర్15 టైర్లే. అవి 100వి. కొత్తవి మార్చినప్పుడు "నీ సైజే కదా, తీసుకో" అని సగం వాడినవి ఇవ్వబోయాడు. చూస్తే రెండు టైర్లకి 1,600 కిలోలే. వద్దన్నాను, ఇప్పటికీ నేనేదో డాంబికం పోయాననుకుంటాడు.

స్టెప్నీ సంగతి కూడా చెప్పేస్తాను. ఖాజీపేట దగ్గర ఒకసారి వెనక టైరు పంచరైంది. 703 ఎత్తున్న స్టెప్నీని ఒక వెనక చక్రానికి వేసి రెండోదాన్ని 733తో నడిపితే డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు వెనక చక్రాలని వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) తిన్నగా పోయే రోడ్డు మీద కూడా పని చేస్తూనే ఉంటుంది, వేడెక్కుతుంది. అందుకని రోడ్డు పక్కన ముందు టైరు విప్పి వెనక్కి వేసి, స్టెప్నీ ముందుకి వేశాను. పెళ్లి వాళ్ల ఫోన్లు, ఎండ, రెండు జాకీలు. సరిపోయింది.

2023 మొదట్లో లావు టైర్లు జీపున్న ఒకాయనకి సగం ధరకి ఇచ్చేసి, మళ్లీ 215/75 ఆర్15, ఎనిమిది ప్లై, 106/103 వేయించాను. ఈసారి స్టెప్నీతో కలిపి ఐదు. పొడుగు చూసి కొందరు 7.00 ఆర్15 వేయమన్నారు. అది గట్టి టైరే, బరువూ ఎక్కువ మోస్తుంది. కానీ ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. దానికి తగ్గ గేర్లున్న పెద్ద పికప్‌లకి సరే, నా బండికైతే 235 కథే మళ్లీ. పైగా కంపెనీ చెప్పని సైజు వేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద అడిగేవాళ్లు అడగొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒక సాకు దొరుకుతుంది.

ఇప్పటికి 41 వేలు తిరిగాయి. గువ్వలచెరువు మళ్లీ మూడో గేరులోనే ఎక్కుతున్నాను. 70లో ట్రాలీ ఊగడం లేదు. లోపాలు లేవని కాదు. ఖాళీ బండిలో నడుము విరుగుతుంది, గుంత కనపడితే బ్రేకు వేయాల్సిందే. వానలో తారు మీద పట్టు ఆ లావు టైర్లంత లేదు. బంకమట్టి పొలంలో జనరేటర్ దింపాలంటే ఇవి జారతాయి. పొలంలో ఎక్కువ పనుండే వాళ్లకి నా మాట నచ్చకపోవచ్చు.

గాలి విషయంలో నేను పెట్టేది: లోడు, ట్రాలీ ఉంటే వెనక 60 పాయింట్లు, ముందు 40. ఖాళీగా తిరిగే వారాల్లో వెనక కూడా 40కి దింపుతాను, లేకపోతే మధ్యలో అరుగుతుంది. మీ బండికి తలుపు దగ్గరున్న స్టిక్కరే ప్రమాణం, నా అంకెలు కాదు. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. మధ్యాహ్నం వేడికి పెరిగిందని గాలి తీసేయడం మా డ్రైవర్లలో చాలామందికి అలవాటు. అది మాన్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇంతా చేసి నేను మర్చిపోయింది ట్రాలీ టైర్లని. వెల్డింగ్ షాపువాడు దొరికిన జీపు టైర్లు వేసి ఇచ్చాడు, బటన్లు నిండుగా ఉన్నాయని నేనూ ఊరుకున్నాను. పోయిన వేసవిలో బ్రహ్మంగారి మఠం నుంచి వస్తుంటే ఎడమది పేలింది. స్పీడు 50 లోపే ఉంది కాబట్టి జనరేటర్ పక్కకి ఒరిగి నిలబడింది, అంతే. చల్లారాక చూస్తే గోడ నిండా సన్నటి పగుళ్లు. తయారీ తేదీ నాలుగంకెలు 1811. 2011లో పద్దెనిమిదో వారం! కుడిదాని మీద 4012 ఉంది. దాన్ని ఆ పూటే మార్చేశాను.