ప్రెపీతో రోజూ, 3776తో తీరుబడిగా

జపాన్‌కు చెందిన ప్లాటినమ్ సంస్థ చేసే ఫౌంటెన్ పెన్నుల్లో చవకగా దొరికేది ప్రెపీ. అదే సంస్థ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఖరీదైన పెన్ను 3776 సెంచరీ. ఫ్యూజీ పర్వతం ఎత్తు 3776 మీటర్లు, ఆ అంకెనే పేరుగా పెట్టారు. ఒక్క 3776కు పెట్టే డబ్బుతో ప్రెపీలు డజన్ల కొద్దీ వస్తాయి. రెండిటినీ బల్ల మీద పక్కపక్కనే పెట్టుకుని ఏళ్ల తరబడి వాడాక చెప్పగలిగింది ఇదీ: రోజువారీ రాతకు చెయ్యి దానంతటదే ప్రెపీ మీదికి పోతుంది. చవక అని కాదు, ఆ పనికి అదే మెరుగు కాబట్టి. 3776 గొప్పతనం ఇంకో చోట ఉంది, దాన్నీ తక్కువ చేయను.

ఈ రెండిటినీ పోల్చడం ఎందుకు సబబంటే, ఒకే కార్ట్రిడ్జ్ (సిరా నింపి అమ్మే చిన్న గొట్టం) రెండిట్లోనూ పడుతుంది, ఒకే కన్వర్టర్ (సీసాలోంచి సిరా పీల్చుకునే చిన్న గొట్టం) రెండిట్లోనూ కూర్చుంటుంది. కార్ట్రిడ్జ్ మూతి దగ్గర చిన్న ఉక్కు గుండు ఉంటుంది. సెక్షన్‌లోకి, అంటే పాళీ ఉండే, వేళ్లతో పట్టుకునే ముందు భాగంలోకి, గట్టిగా నొక్కితే ఆ గుండు లోపలికి పడిపోతుంది. ఆ తరవాత పెన్ను కదిలినప్పుడల్లా దొర్లుతూ గోడలకు అంటుకుపోయిన సిరాను కిందికి దింపుతుంది. కన్వర్టర్‌లో పట్టేది అర మిల్లీలీటరుకు కాస్త పైన, కార్ట్రిడ్జ్‌లో దాదాపు దానికి రెట్టింపు. అందుకే ఖాళీ కార్ట్రిడ్జ్‌ని పారేయకండి. మొండి సూది ఉన్న సిరంజితో నీళ్లు కొట్టి కడిగి, అదే సిరంజితో సిరా నింపుకుంటే ఎక్కువ రోజులు వస్తుంది. చాలాసార్లు పెట్టి తీస్తే దాని మూతి వదులవుతుంది. సెక్షన్ వెనక చెమ్మ కనిపించిందంటే ఇక కొత్తది వేయాల్సిందే.

మూత దగ్గర ప్రెపీ నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. 2011లో వచ్చిన సెంచరీ మూతలో స్ప్రింగు మీద కూర్చున్న చిన్న లోపలి మూత ఉంటుంది. పెన్ను మూసినప్పుడు అది సెక్షన్ అంచుకు ఒత్తుకుని గాలి చొరబడకుండా చేస్తుంది. రెండేళ్లు ముట్టుకోకపోయినా సిరా ఎండదని సంస్థ మాట. అదే ఏర్పాటు ప్రెపీలోనూ ఉంది, దానికి ఏడాది చెబుతారు. నెలల తరబడి సొరుగులో పడున్న ప్రెపీని తీసి కాగితం మీద పెడితే మొదటి గీతే పడుతుంది. వారం వదిలేస్తే పాళీ ఎండిపోయి, తడిగుడ్డతో తుడిస్తే గానీ రాయని ఖరీదైన పెన్నులు ఎన్నో ఉన్నాయి. 3776ది తిప్పి బిగించే మరల మూత, ప్రెపీది నొక్కుడు మూత. ఫోనులో మాట్లాడుతూ రెండు ముక్కలు రాసుకోవాలంటే నొక్కుడు మూతే హాయి.

ఇక పాళీ. 3776ది 14 క్యారెట్ల బంగారం. వెడల్పాటి భుజాలు, మధ్యలో హృదయం ఆకారంలో రంధ్రం, చూడముచ్చటగా ఉంటుంది. ప్రెపీది ఉక్కు. బంగారం కాబట్టే నున్నగా రాస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. కాగితానికి తగిలేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు. కొసన అతికించిన గట్టి మిశ్రలోహపు బొట్టు అది, రెండు పెన్నుల్లోనూ ఉంటుంది. ఆ బొట్టును ఎంత శ్రద్ధగా సానబట్టారన్నదే నునుపు. బంగారం వల్ల ఒరిగేది ఒకటి తుప్పు పట్టకపోవడం, రెండోది నొక్కితే కాస్త ఒదగడం. ఆ ఒదుగు కూడా పాళీ మందాన్ని, ఆకారాన్ని బట్టే ఉంటుంది. 3776 మామూలు పాళీలు గట్టివే. మెత్తదనం కావాలనుకుంటే సాఫ్ట్ ఫైన్ (మెత్తని సన్న పాళీ) రకం చూసుకోవాలి.

అయితే నాలుగైదు పేజీలు ఏకధాటిగా రాసినప్పుడు 3776 తన విలువ చూపిస్తుంది. సెక్షన్ లావుగా ఉంటుంది, బరువు వేళ్ల మధ్య కుదురుగా నిలుస్తుంది, సిరా ఒకే ధారగా దిగుతుంది. కాగితం మీద సన్నని గరగర వినిపిస్తుంది, బాగా చెక్కిన పెన్సిలుతో రాసినట్టు. అది గీరుకోవడం కాదు. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చేతికి తెలియజేసే స్పర్శ. ప్రెపీ అంతసేపు పట్టుకుంటే సన్నని సెక్షన్‌ని వేళ్లు తెలియకుండానే బిగించేస్తాయి, బొటనవేలు నొప్పెడుతుంది.

తెలుగు రాసేవాళ్లు పాళీ కొలత దగ్గర ఆగి ఆలోచించాలి. ప్రెపీలో 02, 03, 05 ఉన్నాయి, అంకె పెరిగిన కొద్దీ గీత మందం. ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘ఘర్షణ’ అని మామూలు సైజులో రాసి చూడండి. 05తో, అందులోనూ ధారాళంగా పారే సిరాతో, ‘క్ష్మి’ కింది ఒత్తులు ఒకదాని మీదికొకటి ఎక్కి ముద్ద కడతాయి, ‘ఘ’ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. 02తో ఖాళీలు చక్కగా నిలుస్తాయి గానీ తలకట్టు దగ్గర చిక్కు. తలకట్టు కొట్టేటప్పుడు పాళీని కింది నుంచి పైకి నెడతాం, సూదిలాంటి కొస సరిగ్గా అక్కడే కాగితపు పోగును పట్టుకుంటుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు కనక పాళీ ప్రతి అక్షరంలో నాలుగు దిక్కులకూ తిరుగుతుంది. అన్ని దిక్కుల్లోనూ ఒకేలా రాసేది 03. 3776లో అయితే ఫైన్ (సన్న పాళీ) ఈ పనికి సరిపోతుంది, మీడియం (మధ్యరకం) పెద్ద అక్షరాలకే.

కాగితం మాట కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు నోటుపుస్తకం, జెరాక్స్ కాగితం సిరాను పీల్చేస్తాయి. 3776 మీడియం వాటి మీద ధారాళంగా సిరా వదులుతుంది. గీత అంచుల నుంచి సిరా పోగుల వెంట పాకుతుంది, వెనక పేజీకి మచ్చలుగా దిగుతుంది. ప్రెపీ 03 పొదుపుగా వదులుతుంది కాబట్టి అదే కాగితం మీద గీత శుభ్రంగా నిలుస్తుంది. ఆఫీసులో ఎవరో చేతికిచ్చిన ఫారం మీద రాయాలంటే ఖరీదైన పెన్ను కన్నా ఇదే నమ్మకం.

ప్రెపీ గొట్టంలో ఎక్కడా రంధ్రం లేదు, లోపల లోహపు భాగమూ లేదు. అందుకే గొట్టం నిండా నేరుగా సిరా పోసుకోవచ్చు. నాలుగు మిల్లీలీటర్ల దాకా పడుతుంది, అంటే కన్వర్టర్‌ని ఆరేడు సార్లు నింపినంత. ముందు సెక్షన్ విప్పి, దాని మరల (స్క్రూ చుట్ల) మొదట్లో బిగుతుగా కూర్చునే రబ్బరు ఓ-రింగు (గుండ్రటి వలయం) ఎక్కించాలి. మరల మీద సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, సెక్షన్‌ని ఒక చుట్టు తిప్పితే గ్రీజు అంతటా పరుచుకుంటుంది. పెట్రోలియం జెల్లీ రాయకండి, అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. డ్రాపర్‌తో సిరా పోసి, మరలకు కాస్త కింద ఆపి, చేత్తో బిగించాలి. బిగుసుకుందనిపించగానే ఆపేయాలి. ఇంకో పావు చుట్టు బలంగా తిప్పితేనే పారదర్శక ప్లాస్టిక్ గొట్టాల అంచులు చీలేది. ఆ చీలిక మొదట వెంట్రుకంత సన్నగా ఉంటుంది, లోపలికి సిరా దిగాకే కంటికి కనిపిస్తుంది.

ఇలా నింపిన ఏ పెన్నయినా సిరా మూడో వంతుకు దిగాక కక్కుతుంది. గొట్టంలో సిరా తగ్గిన మేర గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ఫీడ్ (పాళీ కింద ఉండి దానికి సిరా అందించే ముక్క) మీదికి నెడుతుంది. ఫీడ్ పళ్లు కొంత ఆపుతాయి, మించితే పేజీ మీద బొట్టు పడుతుంది. సగం అవగానే మళ్లీ నింపుకోవడం ఒక మందు. జేబులో నుంచి తీశాక పాళీ పైకి పెట్టి అర నిమిషం ఉంచి, అప్పుడు మూత తీయడం ఇంకో మందు. 3776ని మాత్రం కన్వర్టర్‌తోనే వాడుకోవడం మంచిది.

ఏ సిరా ఎందులో పోయాలన్నది తేల్చుకుంటే సగం ఇబ్బందులు రావు. ప్లాటినమ్ బ్లూ-బ్లాక్ పాతకాలపు పద్ధతిలో ఇనుప లవణాలతో చేసే సిరా. రాశాక సమయం గడిచిన కొద్దీ నల్లబడుతుంది, నీళ్లు పడినా చెదరదు, కానీ ఆమ్లం ఉంటుంది. బంగారు పాళీకి ఏమీ కాదు. ఉక్కు పాళీలో నెలల తరబడి ఉండిపోతే లోహాన్ని తినే ప్రమాదం ఉంది, కనక అది 3776కు ఇవ్వండి. కార్బన్ సిరాలాంటి రేణువుల సిరాకు ఇది తలకిందులు. ఎండితే ఫీడ్ సందుల్లో రాయిలా బిగుసుకుంటుంది కాబట్టి దాన్ని చవకైన ప్రెపీలోనే వాడుకోవాలి. మెరుపు సిరాలకూ అంతే.

కడగడం ఆరు వారాలకోసారి చాలు, సిరా మార్చినప్పుడు తప్పనిసరి. గోరువెచ్చని నీళ్లు, మొండిగా ఉంటే గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క. వేడినీళ్లు ప్లాస్టిక్‌ని వంచుతాయి. స్పిరిట్ తగిలితే పారదర్శక ప్లాస్టిక్ మీద సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. ప్రెపీ పాళీని, ఫీడ్‌ని కలిపి గుడ్డతో పట్టుకుని నిటారుగా లాగితే ఊడొస్తాయి, మెలి తిప్పకూడదు.

పాళీ గీరుకుంటుంటే వెంటనే సానరాయి అందుకోకండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో కొసను ఎదురుగా చూడండి. పాళీ రెండు కొనల్లో ఒకటి వెంట్రుకంత కిందికి దిగి ఉంటుంది, ఎక్కువసార్లు అసలు కారణం అదే. దిగిన కొనను గోటితో మెల్లగా పైకి ఒత్తి, రాసి చూసి, మళ్లీ ఒత్తాలి. రెండూ సమంగా ఉన్నా గీరుకుంటేనే 12000 నంబరు మైక్రోమెష్ (చాలా నున్నని సానగుడ్డ) ముక్క మీద, అదీ తడిపి, బరువు వేయకుండా ఎనిమిది అంకె ఆకారంలో పది సార్లు తిప్పాలి. ఎక్కువ తిప్పితే కొస మధ్యలో చీలిక అంచులు అరిగిపోయి, సిరా కాగితాన్ని అందుకోలేక మొదటి గీత తప్పిపోతుంది. ఇవన్నీ నేర్చుకోవాల్సింది ప్రెపీ మీదే. పోతే ఒక చవక పాళీ పోతుంది. వంగిన బంగారు పాళీని మళ్లీ దారికి తేవడం పనివాళ్లకే సాధ్యం.

ప్రెపీ గొట్టం మీది అచ్చు చెమటకు చెరిగిపోతుంది, రాతకు దానితో పనిలేదు. ప్లాస్టిక్ తేలికదనమే నచ్చనివాళ్లకు అదే సంస్థ అల్యూమినియంతో చేసే ప్లెజీర్ ఉంది. పాళీ, ఫీడ్ రెండిటికీ ఒకటే. చేతికి అలవాటుపడ్డ 03 పాళీని ప్రెపీ నుంచి ఊడదీసి ప్లెజీర్‌లో పెట్టుకోవచ్చు. లోహపు గొట్టం కాబట్టి దాంట్లో మాత్రం నేరుగా సిరా పోయకండి.