పాత పత్రికల్లో ‘చెరుకూరి’ కోసం: ఇంటర్నెట్ ఆర్కైవ్ వెతుకుడు ఎంతవరకు పనికొస్తుంది

రేటింగ్: ఐదుకు మూడు.

వంశవృక్షం రాసుకునేవాళ్లు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ మెట్లెక్కే ముందు ఇంట్లోనే చూసుకోదగ్గది పాత పుస్తకాలు, పత్రికల స్కాన్లు ఉంచే ఈ ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు (archive.org). పైసా ఖర్చు లేదు. భారతి, గృహలక్ష్మి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు చాలానే దొరుకుతాయి.

పేరు కొట్టగానే ఏమీ రాలేదని వదిలేయకండి. మామూలుగా అది శీర్షిక, రచయిత, వివరణ లాంటి పైపై వివరాల్లోనే వెతుకుతుంది. లోపలి పేజీల్లో వెతకాలంటే ‘టెక్స్ట్ కంటెంట్స్’ ఎంచుకోవాలి. అయినా తెలుగు అక్షరాలు చదవగల సాఫ్ట్‌వేర్ అక్కడికి రాకముందు ఎక్కించిన సంచికలు కొన్ని ఉత్త బొమ్మలుగానే ఉండిపోయాయి. వివరాల్లో ‘నాట్ కరెంట్లీ ఓసీఆరబుల్’ (యంత్రం అక్షరాలు చదవలేదు) అని కనిపిస్తే అందులో వెతుకుడు దండగ, పేజీలు తిప్పుకోవాల్సిందే.

అసలు చిక్కు మాత్రం సైటుది కాదు, మన ఇంటిపేర్లది. చెరుకూరు ఊరు, చెరుకూరి ఇంటిపేరు. ‘చెరుకూరి కరణము’ అని అచ్చయితే ఆ ఊరి కరణమా, ఆ ఇంటిపేరున్న కరణమా? యంత్రానికి రెండూ ఒకటే. పక్క మాట చూసి మనమే తేల్చుకోవాలి. వెంటనే సుబ్బయ్య, రామమ్మ లాంటి పేరు వచ్చి, చివర ‘గారు’ ఉంటే ఇంటిపేరు. గ్రామము, తాలూకా, మునసబు వస్తే చాలావరకు ఊరే. కందుకూరి, వేమూరి లాంటి ఊరి మీద వచ్చిన ఇంటిపేర్లన్నిటికీ ఇదే తంటా.

ఒక్క రూపంతో ఆగొద్దు. చెరుకూరి, చెఱుకూరి, చెరకూరి మూడూ విడివిడిగా కొట్టండి. పాత అచ్చులో బండి ‘ఱ’ మామూలే. దీర్ఘం తోక అరిగిపోయిన చోట ‘కూ’ కాస్తా ‘కు’ అవుతుంది, కాబట్టి ‘చెరుకురి’ కూడా చూడాలి. వరుస చివర ‘చెరు’ ఆగి, కింది వరుసలో ‘కూరి’ మొదలైతే ఏ రూపమూ దొరకదు. అప్పుడు వ్యక్తి పేరుతో వెతకడమే దారి.

పొడి అక్షరాలది ఇంకో గొడవ. ‘చె. సుబ్బయ్య’, ‘సి.హెచ్. సుబ్బయ్య’, ‘సి. సుబ్బయ్య’ ఒకే మనిషి కావచ్చు, ముగ్గురూ కావచ్చు. ఊరి పేరు కలిస్తే తప్ప నమ్మకూడదు. ఇంటిపేరు నిండుగా కావాలంటే వార్తలకన్నా విరాళాల జాబితాలు, పెళ్లి కబుర్లు, పద్యాల కింది సంతకాలు మేలు. పాత జాబితాల్లో పేరు ముందుండే ‘మ.రా.రా.’ అంటే మహారాజరాజశ్రీ. దాన్ని ఇంటిపేరు పొడి అక్షరాలనుకుని రాసుకున్నవాళ్లూ ఉన్నారు!

ఏ పత్రిక అన్నది కూడా ముఖ్యమే. పూర్వీకులది బందరు వైపైతే 1902లో మొదలైన కృష్ణాపత్రిక చూడండి. నిజాం ఇలాకా అయితే 1926లో హైదరాబాదులో పుట్టిన గోలకొండ పత్రిక. ఇంట్లో కవులుంటే సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’ తప్పదు, అందులో 354 మంది కవులున్నారు.

తేదీ దగ్గర జాగ్రత్త. సంచిక మీద తెలుగు సంవత్సరమే ఉంటే, ఉదాహరణకు ప్రభవ అంటే, 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా. మాఘ మాసపు సంచికను 1927 అని రాసుకుంటే ఏడాది తేడా వచ్చేస్తుంది.

వచ్చిన ఫలితాల లెక్క నమ్మొద్దు. ఒకే సంచిక రెండు మూడు సార్లు ఎక్కి ఉంటుంది. సంపుటం, సంచిక, పేజీ రాసుకుని కలిసినవి కొట్టేయండి. స్కాన్‌లో కుట్టు దగ్గరి అక్షరాలు కనిపించకపోతే అసలు ప్రతి చూడాలి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ పాత పత్రికలున్నాయి. బైండు పుస్తకాన్ని జెరాక్సు మిషను మీద బోర్లా పరిస్తే పెళుసు కాగితం వెన్ను దగ్గర చిట్లుతుంది. అనుమతి అడిగి, ఫ్లాష్ లేకుండా ఫోన్లో ఫొటో తీసుకోండి, పేజీ అంకె కూడా పడేలా.