ఘోరేపానీ బిల్లు, తాడాపానీ భోజనం: పూన్‌హిల్ నడకకి ఎంతవుతుంది?

నేపాల్లో పూన్‌హిల్ మీదుగా ఘాంద్రుక్ దాకా ఊరి నుంచి ఊరికి నడవడానికి మనిషికి ఎంతవుతుందని గుంటూరులో తెలిసినవాళ్లంతా అడుగుతున్నారు. లెక్క చెప్తాను. ముందు ఘోరేపానీ లాడ్జి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ కొండల్లో డబ్బు ఎక్కడ కారిపోతుందో ఆ ఒక్క రాత్రి చూపించింది.

వెళ్లింది అక్క, బావ, మేనల్లుడు, నేను. ఉల్లేరి ఎక్కడానికి రాతిమెట్లే మూడు వేల పైచిలుకు. అక్క రెండు నెలలుగా మంగళగిరి కొండ మెట్లు ఎక్కి దిగుతూ కాళ్లు అలవాటు చేసుకుంది కానీ ఉల్లేరి దగ్గరే ఆమె మాట్లాడటం మానేసింది. ఘోరేపానీ చేరేసరికి వాన. ఎత్తు 2,800 మీటర్లు దాటింది, చేతివేళ్లు కొంకర్లు పోతున్నాయి. గైడు చూపించిన లాడ్జి అరుగు మీద అక్క కూలబడి, ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యనని చెప్పేసింది.

యజమాని బయటికొచ్చి రెండు గదులిస్తాను, ఒక్కోటి 500 నేపాలీ రూపాయలు, రాత్రి భోజనం, పొద్దున టిఫిను ఇక్కడే తినాలి అన్నాడు. ఆ దారి పొడుగునా అదే పద్ధతి, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పక్కర్లేదు. గది చవగ్గా ఇచ్చి తిండి మీద సంపాదించుకుంటారు. వేడినీళ్లకీ చార్జింగుకీ ఎంతని మేనల్లుడు హిందీలో అడిగాడు. మెనూలో ఉన్నదే తీసుకుంటాం అన్నాడాయన. మెనూ గోడకే ఉంది: దాల్‌భాత్ (పప్పన్నం భోజనం) 700, వేడినీళ్ల స్నానం 250, ఫోను చార్జింగు 150. బావ దాన్ని ఫోటో తీసిపెట్టాడు.

మర్నాడు తెల్లారకముందే లేచి, టార్చిలైట్లు పట్టుకుని 3,210 మీటర్ల పూన్‌హిల్ ఎక్కాం. మబ్బు విడిపోయింది. ధవళగిరి, అన్నపూర్ణ సౌత్, మచ్ఛపుచ్ఛ్రే శిఖరాలన్నీ కనిపించాయి. అక్క కూడా ఎక్కింది, నవ్వింది కూడా.

కిందికొచ్చి టిఫిను తింటుంటే బిల్లు తెచ్చిపెట్టారు. 10,186.

మా బావ మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు చూస్తాడు. కాటా చీటీ చదివినట్టే కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో వరస చదివాడు. స్నానం 250 బదులు 400 చొప్పున రెండు. చార్జింగు 150 బదులు 300 చొప్పున మూడు. అదనపు దుప్పట్లు రెండింటికి 400. భోజనాల గదిలో పొయ్యి పక్కన కూర్చున్నందుకు మనిషికి 150. ఇవన్నీ కలిపిన మొత్తం మీద పది శాతం సర్వీసు. గోడ మీది ధరల ప్రకారం మేం తిన్నదీ వాడుకున్నదీ కలిపితే 7,510. అంటే 2,676 ఎక్కువ, మన డబ్బులో 1,670 పైమాటే.

బావ ఫోనులో ఆ మెనూ ఫోటో తెరిచి బిల్లు పక్కన పెట్టాడు. అది పాత మెనూ అన్నాడు యజమాని. పాతదైతే గోడకి ఎందుకుంచారని మేనల్లుడు అడిగాడు. అంతే, గొంతు లేచింది. ఇండియా నుంచి వచ్చేవాళ్లంతా ఇంతే, చాయ్ దగ్గర కూడా బేరమాడతారు అని హాలు నిండా ఉన్న మనుషుల ముందు అరిచాడు. మేం ఒక్క రూపాయి బేరమాడలేదు. ఆయన రాసిన ధరే ఆయన్ని అడిగాం. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఇచ్చేసి పోదాం పదండి అంది. బావ కదల్లేదు. గైడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ దారిలో మనుషుల్ని తీసుకొచ్చే గైడుకి లాడ్జివాళ్లు పడకా భోజనమూ ఉచితంగానో తక్కువకో ఇస్తారు, ఇక అతను మన తరఫున ఎలా నోరు విప్పుతాడు?

చివరికి పొయ్యి డబ్బులూ సర్వీసూ కొట్టేసి, స్నానం 250 చేశాడు. చార్జింగు, దుప్పట్లు వదల్లేదు. 8,360 కట్టి బయటపడ్డాం. ఆ 850 కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. అందుకే చెప్తున్నాను, వానైనా చలైనా సరే, బ్యాగు దించకముందే మెనూ అడగండి. గది అద్దె గురించి కాదు, నీళ్లు, స్నానం, చార్జింగు, దుప్పటి, పొయ్యి, ఈ అయిదింటి గురించి అడగండి. సర్వీసు వేస్తారా అని కూడా అడగండి. గైడు చూపించిన లాడ్జి పక్కనే ఇంకోటుంటుంది, అక్కడా ఒకసారి తలుపు తట్టండి.

ఇక లెక్క. నేపాలీ రూపాయి మారకం 1993 నుంచీ స్థిరంగా ఉంది: మన 100కి వాళ్ల 160. నడక రోజుల్లో మనిషికి మాకు పడినవి చెప్తాను. రాత్రి దాల్‌భాత్ 700, మధ్యాహ్నం 550, పొద్దున టిఫిను 450, టీలకి 300, మరిగించిన నీళ్లకి 150, గది వాటా 300, స్నానం, చార్జింగులకి సగటున 200. వెరసి 2,650 నేపాలీ, మన 1,650 చిల్లర. ఎక్కువ ఎత్తులో ఉన్న ఊళ్ల ధరలివి. కింద తిఖేడుంగాలో అదే దాల్‌భాత్ 500కే తిన్నాం. సరుకు కంచరగాడిదల మీదో మనిషి వీపు మీదో పైకెక్కాలి కాబట్టి ఆ తేడా న్యాయమే.

గైడుకి రోజుకి 3,200 నేపాలీ, అంటే మన 2,000. నలుగురం కాబట్టి తలకి 500. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లకి గైడు ఉండాలని నేపాల్ నిబంధన పెట్టింది, అందుకని ఈ ఖర్చు ముందే వేసుకోవాలి. ఇద్దరే వెళ్తే ఇదే పెద్ద బరువవుతుంది, ఇంకో ఇద్దర్ని కలుపుకోండి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాలవాళ్లకి 1,000 నేపాలీ, మిగతా విదేశీయులకి 3,000. ఈ నడకకి బయల్దేరే పోఖరా పట్నంలో తీసుకోవచ్చు, ఫోటోలు దగ్గరుంచుకోండి. ట్రెక్కర్ల వివరాలు నమోదు చేసే టిమ్స్ కార్డుకీ మనకి 1,000 నేపాలీయే.

పోఖరా నుంచి బయల్దేరి మళ్లీ పోఖరా చేరేదాకా మాకు మనిషికి మన డబ్బులో 14,000 లోపే అయింది. ఇదే నడకకి బెజవాడలో ఒక ఏజెంటు 34,000 చెప్పాడు. రైలు టికెట్లు మనవే, మధ్యాహ్నం, రాత్రి భోజనాలూ మనవేనట! ఈ దారిలో అసలు ఖర్చు భోజనమే అయినప్పుడు, అది తీసేసిన ప్యాకేజీకి అంత పెట్టడం దండగ.

నడకలో యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. పోఖరా లేక్‌సైడ్ దుకాణాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మన యాప్‌తోనే కట్టగలిగాం, 2024 నుంచి ఆ సదుపాయం ఉంది. కొండెక్కాక నోట్లే. వంద, యాభై నేపాలీ నోట్లు విడిగా పెట్టుకోండి, చిల్లర లేదని టీ దగ్గర కూడా మిగిల్చేసుకుంటారు. రెయిన్‌కోట్లు బెజవాడ బీసెంట్ రోడ్డులోనే కొన్నాం, బానే పనిచేశాయి. మందం కోట్లు కొనకండి, లేక్‌సైడ్‌లో రోజుకి 150 నేపాలీకి అద్దెకిస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉల్లేరి దాకా జీపులో వెళ్లిపోవచ్చు. అక్కకి ఆ మాట ముందే చెప్పి ఒప్పించాలని చూశాం, వినలేదు.

రైలు ప్రయాణం సాఫీగా జరిగింది. విజయవాడలో రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి బస్సులో సునౌలీ, సరిహద్దు దాటి మళ్లీ బస్సు. పాస్‌పోర్టో ఓటరు కార్డో దగ్గరుండాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు ఆధార్ ఒక్కటీ పట్టుకుని బయల్దేరకూడదు.

తాడాపానీ గురించి చెప్పకపోతే అన్యాయం. ఘోరేపానీ గొడవ తర్వాత దారంతా ఎవరూ మాట్లాడుకోలేదు. తాడాపానీలో ఒక చిన్న లాడ్జి, గురుంగ్ అనే అక్కడి తెగ ఆవిడ నడుపుతోంది. మేం అడక్కముందే మెనూ చేతికిచ్చి, స్నానం ఇంత, చార్జింగు ఇంత అని వేలు పెట్టి చూపించింది. పొయ్యి దగ్గర కూర్చోడానికి డబ్బులా అని మేనల్లుడు అడిగితే అర్థంకానట్టు చూసింది.

రాత్రి ఇత్తడి పళ్లెంలో అన్నం, పలచటి పప్పు, ఆకుకూర, బంగాళాదుంప కూర, పక్కన గుంద్రుక్. ఆకుకూరని పులియబెట్టి ఎండబెడతారు, అదే గుంద్రుక్. మన గోంగూర తిన్న నాలుకకి ఆ పులుపు వెంటనే పట్టేసింది. బావ గుంటూరు నుంచి మోసుకొచ్చిన ఆవకాయ సీసా తీశాడు. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లి, టిమూర్ అనే అక్కడి మిరియాల్లాంటి గింజలు దంచి చేసిన పచ్చడి పట్టుకొచ్చింది. కారం తర్వాత నాలుక జివ్వున తిమ్మిరెక్కింది. అన్నం, పప్పు రెండోసారి, మూడోసారి వడ్డించింది. దాల్‌భాత్‌కి మళ్లీ వడ్డిస్తే డబ్బు తీసుకోరు, ఆ నడకలో ఆకలికి అంతకంటే గిట్టుబాటైన తిండి లేదు. నూడుల్స్, పిజ్జాల జోలికెళ్లకండి, ధర ఎక్కువ, కడుపు నిండదు. అక్క ఆ రాత్రి మూడుసార్లు పెట్టించుకుంది, ఆవిడ పక్కన కూర్చుని ఒకరి మాట ఒకరికి తెలియకుండానే గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. పొద్దున బిల్లు మెనూలో ఉన్నట్టే వచ్చింది. బావ లెక్క చూడనే లేదు, పైన 500 పెట్టి ఇచ్చాడు.

మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే ఘోరేపానీ అడవంతా లాలీగురాస్ (ఎర్రటి రోడోడెండ్రాన్ పూలు) పూస్తుంది. అక్టోబరు, నవంబరులో ఆకాశం తేటగా ఉంటుంది కానీ గదులకి పోటీ, ఏ లాడ్జి నచ్చకపోయినా పక్కదానికి వెళ్లే వీలుండదు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, రప్తీసాగర్ రోజూ ఉండదు కాబట్టి రైలు రోజు చూసుకుని మిగతా లెక్క వేసుకోండి.