పిరం, గిరాకీ, కరువు భత్యం: షికాగో నిఘంటువుల్లో ఎంత దొరుకుతుంది?

షికాగో విశ్వవిద్యాలయం నెట్‌లో పెట్టిన దక్షిణాసియా నిఘంటువులు పూర్తిగా ఉచితం, ఖాతా కూడా అక్కర్లేదు. మనవాళ్లలో చాలామంది అక్కడ సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు చూసుకుని బయటికొచ్చేస్తారు. అసలు సొత్తు దాని పక్కనున్న అరల్లో ఉంది: మోల్స్‌వర్త్ మరాఠీ, ప్లాట్స్ ఉర్దూ, స్టయిన్‌గాస్ పారశీకం, మద్రాసు తమిళ లెక్సికన్, బరో-ఎమెనో ద్రావిడ వ్యుత్పత్తి కోశం, టర్నర్ ఇండో-ఆర్య కోశం. వీటి సత్తా తేలాలంటే ధరల మాటలే వెతకాలి. బజారు భాషలో ఒక్కో మాట ఒక్కో దారిన వచ్చింది మరి.

బ్రౌన్‌తో మొదలుపెట్టేవారు ముందే గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి: షికాగో వారిది 1903 నాటి సవరించిన ముద్రణ. మనం ‘అం’తో ముగించే పదాలు అందులో ‘ము’తో ముగుస్తాయి. ‘ప్రియం’ అని కొట్టి, దొరకలేదని వదిలేయకండి, ‘ప్రియము’ అని కొట్టండి. ‘సుంకం’ కూడా అంతే. పదం పక్కన బ్రాకెట్లో హెచ్ అక్షరం కనిపిస్తే హిందుస్తానీ అని గుర్తు. పారశీకం, అరబ్బీ, మరాఠీ మాటలు చాలావరకు ఆ ఒక్క మూటలోనే కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ఆ గుర్తుతో తృప్తిపడకుండా అసలు భాష నిఘంటువుకు వెళ్లాలి.

‘వెల’కు బరో-ఎమెనో బ్రహ్మాండం. అక్కడ అంతా రోమన్ లిపి, పైగా ప్రతి పద్దూ వీలైనంతవరకు తమిళ రూపంతో మొదలవుతుంది. తెలుగు మాట పద్దు లోపలెక్కడో ఉంటుంది గనక శీర్షికల్లో కాకుండా మొత్తం పాఠంలో వెతకాలి. అలా వెతికితే వెల, విలువ రెండూ తమిళ ‘విలై’, కన్నడ ‘బెలె’ల పక్కన కూర్చుని కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే తమిళంలో ‘విల్’ అంటే అమ్మడం, పాత తెలుగులో ‘విలుచు’ అంటే కొనడం. ఒకే ధాతువు, బల్లకు అటొకరు ఇటొకరు. ‘ఖరీదు’దీ అదే తంతు. పారశీకంలో దాని అర్థం కొనుగోలు మాత్రమే. ‘ఖరీదైన’ అంటే ఎక్కువ ధర అనే అర్థం మన దగ్గర కుదురుకున్నదే.

తెలంగాణలో ‘పిరం’ ప్రియానికి తద్భవం. ఇష్టమైనది ఖరీదైనది ఎలా అయింది అని బుర్ర చించుకోనక్కర్లేదు, సంస్కృతంలోనే ‘ప్రియాన్నం’ అంటే ఎక్కువ ధర పలికే తిండి. ఈ ముక్క కోసం మాత్రం షికాగో వదిలి జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం వారు నెట్‌లో పెట్టిన మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు దగ్గరికి వెళ్లాలి. హైదరాబాదులో వినపడే ‘మహంగా’కు టర్నర్ చాలు: మహా, అర్ఘ కలిసి మహార్ఘ, అంటే పెద్ద వెల.

గిరాకీ దగ్గర బ్రౌన్ ఒక్కటే చూస్తే పప్పులో కాలేసినట్టే. కోస్తాలో ‘మిర్చికి గిరాకీ పెరిగింది’ అంటే కొనేవాళ్లు ఎగబడి ధర పెరిగిందని. తెలంగాణ దుకాణంలో ‘గిరాకి లేదు’ అంటే బేరాలు లేవని. మోల్స్‌వర్త్‌లో ‘గిర్‌హాయీక్’ చూడండి, కొనుగోలుదారు అని ఉంటుంది. సంస్కృత ‘గ్రాహక’కు చుట్టం. అంటే తెలంగాణ వాడుకే మూలానికి దగ్గర. ఉర్దూ ‘గిరానీ’ (ధరల మంట) దీనికి అన్నో తమ్ముడో అనుకునేరు, అది వేరు మాట. పారశీక ‘గిరాన్’ అంటే బరువైనది. ‘రుసుము’ అరబ్బీ ‘రస్మ్’ బహువచనం, ఆనవాయితీలు అని అర్థం. ఆనవాయితీగా ఇచ్చేదే తర్వాత కట్టి తీరాల్సిందయింది.

ఈ నిఘంటువుల అసలు రుచి ‘కరువు భత్యం’ దగ్గర తెలుస్తుంది. కేంద్ర ఉద్యోగులకు జనవరి 1, జూలై 1 నుంచి సవరించే డీఏనే మనం కరువు పేరుతో పిలుస్తున్నాం. పాత నిఘంటువుల్లో శకటరేఫంతో, అంటే బండి ‘ఱ’తో, ‘కఱవు’ అని ఉంటుంది, అలాగే వెతకాలి. మలయాళీలు కూడా ‘క్షామబత్త’ అంటారు. హిందీవాళ్లకు ‘మహంగాయీ భత్తా’, కన్నడిగులకు ‘తుట్టి భత్యె’, అంటే పిరమైనందుకు ఇచ్చేది. తమిళుల ‘అగవిలైప్పడి’ని లెక్సికన్‌లో ముక్కలు చేసి చూడాలి: అగవిలై అంటే ధాన్యం వెల. ఒకే చెల్లింపుకు ఒకచోట కరువు, ఒకచోట ఖరీదు, ఒకచోట ధాన్యం ధర. అర్థశాస్త్ర పాఠం కంటే ఈ మూడు మాటలే ఎక్కువ చెబుతాయి.

చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. ‘ద్రవ్యోల్బణం’ లాంటి కొత్త సమాసం బ్రౌన్‌లో ఆశించకూడదు. విడగొట్టి ‘ఉల్బణ’ను ఆప్టే సంస్కృత నిఘంటువులో చూస్తే అధికం, విస్తారం అని తేలుతుంది. తమిళులది ‘పణవీక్కం’, డబ్బు వాపు. మనది గంభీరంగా ఉంది గానీ వాళ్లదే సామాన్యుడికి తేలిగ్గా ఎక్కుతుంది. ఛార్జీ, సెస్సు లాంటి ఇంగ్లీషు మాటల పుట్టుకకు ఈ అరలు పనికిరావు, వ్యుత్పత్తులిచ్చే ఇంగ్లీషు నిఘంటువు దగ్గర పెట్టుకోవాలి. అందులో ఛార్జీ బండికెత్తిన బరువుగా తేలుతుంది. పత్రికల ‘ఛార్జీల భారం’లో బరువు రెండుసార్లు మోస్తున్నామన్నమాట. సెస్సు ‘అసెస్’కు తోక కాదు, తల తెగిన రూపం.

ఫోన్‌లో చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ అక్షరాలు కొట్టడం విసుగు, కంప్యూటరే నయం. తెలుగు మాటకు తెలుగులోనే వివరణ కావాలంటే ఆంధ్రభారతి శోధన మేలు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు అక్కడ ఒకేసారి వెతుకుతుంది. పొరుగు భాషల్లోకి తొంగిచూడాలన్నప్పుడు మాత్రం షికాగో తలుపే తట్టాలి.