సి ముందా, పైథాన్ ముందా?

ఈఏపీసెట్ రాసేసి కౌన్సెలింగ్ కోసం ఎదురుచూసే రోజుల్లో ప్రతి ఏడూ నాకు ఇదే ఫోను. "పిల్ల ఖాళీగానే ఉంది కదే, కాలేజీలో చేరేలోపు కోడింగ్ మొదలెట్టిద్దామని. సి చెప్పించాలా, పైథానా?" విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆదివారాలు ఐదారుగురు పిల్లలకి చెబుతుంటాను కాబట్టి నన్నడుగుతారు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్లని అడిగితే రెండూ కలిపి ప్యాకేజీ అంటారు మరి. ఈసారి అడిగింది గాజువాకలో ఉండే మా పెద్దక్క, వాళ్లమ్మాయి కోసం. దానికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందాన్ని ఇక్కడ కుదురుగా రాస్తున్నాను.

రెండూ ప్రోగ్రాములు రాసే భాషలే. అందరూ ముందుగా ఎత్తేది లైన్ల లెక్క. తెర మీద పేరు రాయించాలంటే పైథాన్‌లో ఒక్క లైను చాలు. సి లో హ్యాష్ ఇన్‌క్లూడ్, మెయిన్, ఫ్లవర్ బ్రాకెట్లు, ప్రింట్‌ఎఫ్, సెమికోలన్, ఇంత తంతు. నేను దీనికి పెద్ద విలువివ్వను. మూడో రోజుకల్లా ఆ తంతు అర్థం తెలియకపోయినా ఆంజనేయ దండకంలా చేతికి వచ్చేస్తుంది.

ఫ్లవర్ బ్రాకెట్ల బదులు పైథాన్ వాడే ఖాళీల సంగతి కాస్త చెప్పాలి. ఏ లైను దేని కిందికి వస్తుందో పైథాన్ ఎడమ పక్క వదిలిన జాగాని బట్టి తెలుసుకుంటుంది. నాలుగు ఖాళీలు వదలడం ఆనవాయితీ. పిల్లలు ఒక చోట ట్యాబ్ నొక్కి, ఇంకో చోట స్పేస్ కొట్టి తిట్లు తింటారు. వాట్సాప్‌లో స్నేహితుడు పంపిన ప్రోగ్రాంలో ఆ ఖాళీలు ఎగిరిపోయాయంటే ఇక గోలే. సి లో ఆ బాధ లేదు, కానీ దాని బాధ దానికుంది. ఇఫ్ (షరతు నిజమైతేనే చెయ్యమనే మాట) కింద బ్రాకెట్లు పెట్టకుండా రెండు లైన్లు చక్కగా లోపలికి జరిపి రాస్తే, మన కంటికి రెండూ ఇఫ్ కిందివే. సి కి మాత్రం మొదటిదే ఇఫ్‌ది, రెండోది ఎప్పుడూ నడుస్తుంది. కంటికి కనబడేదీ యంత్రం చదివేదీ ఒకటే కావడం కొత్తవాళ్లకి వరం. ఈ పద్ధతి పైథాన్‌కి ఏబీసీ అనే పాత భాష నుంచి వచ్చింది. ప్రోగ్రామర్లు కానివాళ్లకీ, నేర్చుకునేవాళ్లకీ అని ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన భాష అది. 1991లో పైథాన్‌ని బయటపెట్టిన గీడో వాన్ రోసమ్ అంతకుముందు దాని మీదే పనిచేశాడు.

నా మటుకు తేల్చేది ఇవేవీ కాదు. పిల్ల తప్పు రాసినప్పుడు ఆ భాష నోరు విప్పుతుందా, ఊరుకుంటుందా? నేను చూసేది అదొక్కటే.

పోయిన వేసవిలో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ నా ముందుకు తోసి, "ఏటక్కా ఇది, ఎర్రర్ ఏటీ లేదు, లెక్క మాత్రం తప్పొస్తంది" అన్నాడు. ఆర్కే బీచ్‌లో ఇద్దరు తిన్న ముంత మసాలా బిల్లు 125 రూపాయల్ని రెండుతో భాగించాడు. సి 62 అంది. రెండు పూర్ణాంకాల్ని భాగిస్తే సి పూర్ణాంకమే ఇస్తుంది, అర్ధ రూపాయిని చప్పుడు చేయకుండా మింగేస్తుంది. పైథాన్ 3లో అదే భాగహార గీత (/) పెడితే 62.5 వస్తుంది. పూర్ణాంకమే కావాలనుకుంటే రెండు గీతలు పెట్టి అడగాలి.

ఇలాంటివి సి లో ఇంకా ఉన్నాయి. ఇఫ్‌లో == బదులు ఒక్క = పడిందనుకోండి, సి దాన్ని పోల్చమన్నట్టు కాకుండా విలువ పెట్టమన్నట్టు తీసుకుని ముందుకు పోతుంది. పెట్టిన విలువ సున్నా కాకపోతే ఆ షరతు ఎప్పుడూ నిజమే. పైథాన్ అక్కడే ఆపేస్తుంది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచైతే == అనబోయావా అని కూడా అడుగుతుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ బ్రాకెట్ తర్వాత అలవాటుగా సెమికోలన్ కొడితే, 1 నుంచి 10 దాకా రావాల్సిన చోట 11 ఒక్కటే వచ్చి కూర్చుంటుంది. కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో & మరిచిపోతే ప్రోగ్రాం కూలిపోవచ్చు, లేదా ఏదో చెత్త అంకె రావచ్చు. తప్పు ఒకటే, ఫలితం రోజుకో రకం.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడం. సి లో ఇంట్ అనే పూర్ణాంకం డబ్బాకి ఒక హద్దుంది, అందులో 12 వరకు సరిగ్గా వస్తుంది. 13కి రావాల్సింది 6227020800, మామూలుగా తెర మీద కనబడేది 1932053504. ఈ అంకెని చూసి తప్పని పట్టుకోగల పిల్లని నేనింకా చూడలేదు. కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ నీలం తెరతో వెలుగుతున్న టర్బో సి అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అయితే 8కే చెడుతుంది, -25216 వస్తుంది. అక్కడ మైనస్ గుర్తన్నా ఉంది, అనుమానం పుట్టడానికి. పైథాన్‌లో పూర్ణాంకానికి అలాంటి హద్దు లేదు, 100 ఫ్యాక్టోరియల్ అడిగినా మొత్తం అంకెలు పరిచేస్తుంది.

సి ది మొండితనం కాదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని చేసింది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం రాసుకోవడానికి. రాసేవాడికి తను చేసేది తెలుసన్న నమ్మకం మీద నడిచే భాష. ఇంటర్ పూర్తయిన పిల్ల విషయంలో ఆ నమ్మకం తొందరపాటే కదా! హెచ్చరికలన్నీ చూపించమంటే పై తప్పుల్లో కొన్నిటిని కంపైలర్ (మనం రాసిన సి ని యంత్రం భాషలోకి మార్చేది) చెబుతుంది, నిజమే. అలా అడగాలని మొదటి వారంలో వాళ్లకి చెప్పేదెవరు?

పైథాన్ కూడా ఊరుకునే చోట్లున్నాయి. ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా దానికి అక్షరాలే. 5, 3 ఇచ్చి కూడమంటే 53 అంటుంది. 53 కాబట్టి చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుందనుకోండి. అసలు చిక్కు పేర్లతో. మొత్తం కోసం టోటల్ అని పేరు పెట్టుకుని, మధ్యలో ఎక్కడో ఒక అక్షరం మింగేసి దానికి విలువ ఇస్తే, పైథాన్ కిక్కురుమనకుండా కొత్త పేరు పుట్టించుకుంటుంది. చివర్లో మొత్తం సున్నా. సి లో ప్రతి పేరునీ రకంతో సహా ముందే చెప్పాలి కాబట్టి ఈ తప్పు కంపైల్ దగ్గరే దొరికిపోతుంది. ఇంట్ (పూర్ణాంకం) ఏది, ఫ్లోట్ (దశాంశం) ఏది, క్యార్ (అక్షరం) ఏది అని రాసి రాసి సి పిల్లలకి డబ్బాలో ఏముందో అన్న స్పృహ వస్తుంది. పైథాన్ పిల్లలకి అది ఆలస్యంగా వస్తుంది, కొందరికి రాదు. ఈ ఒక్క విషయంలో సి కి దండం పెడతాను.

జావా అడిగేవాళ్లూ ఉన్నారు. తంతు సి కన్నా ఎక్కువ, ఇప్పుడే వద్దు. జావాస్క్రిప్ట్ వెబ్‌పేజీలు చేయాలన్న సరదా ఉంటే సరే.

ఇక ఎవరికి ఏది? సీబీఎస్ఈలో కంప్యూటర్ సైన్స్ తీసుకుని 12 పాసైన పిల్లలు పైథాన్ చూసే వస్తారు, వాళ్లు నేరుగా సి పట్టుకోవచ్చు. గేట్ పరీక్షలో కంప్యూటర్ సైన్స్ పేపర్ మీద ఇప్పటినుంచే కన్నున్నవాళ్లకీ ఎప్పటికైనా సి తప్పదు, ఆ సిలబస్‌లో ఉన్నది అదే. మన స్టేట్ బోర్డులో ఎంపీసీ చదివి మొదటిసారి కీబోర్డు ముందు కూర్చునేవాళ్లకి మాత్రం రెండు నెలలు పైథాన్, ఆ తర్వాతే సి. కాలేజీలో మొదటి ఏడాదే సి ఉంటే ఆ రెండు నెలలు వృథా కదా అని అక్క అడిగింది. లూపూ, ఇఫ్పూ, ఫంక్షనూ బుర్రలోకి ఎక్కాక సి లో మొదట్లో కొత్తగా నేర్చుకునేది చాలావరకు రాతే. లేకపోతే రాతా, ఆలోచనా రెండూ ఒకేసారి తన్నుకుంటాయి.

అక్క కూతురు పోయిన ఆదివారం వచ్చింది, పైథాన్ మొదలెట్టాం. మొదటి గంటలోనే నాలుగు ఎర్రర్లు తెచ్చుకుంది, మూడు తనే చదువుకుని దిద్దుకుంది. నాలుగోది ట్యాబ్ గొడవ, నేనే చూశాను. సి తెరిచిన రోజు దాని చేత ముందుగా 13 ఫ్యాక్టోరియల్ వేయిస్తాను, పక్కనే పైథాన్ జవాబు కూడా పెట్టి.